ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్: పేరు ఎక్కేది ఏ రిజిస్టరులో, చదువు సాగేది ఎన్ని పడకల దగ్గర

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికల్లా బస్టాండు గోడల మీద ‘నర్సింగ్ అడ్మిషన్లు జరుగుచున్నవి’ అనే ఫ్లెక్సీలు వెలుస్తాయి. నాలుగేళ్ల డిగ్రీ (బీఎస్సీ నర్సింగ్), మూడేళ్ల డిప్లొమా (జీఎన్‌ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ), రెండేళ్ల ఏఎన్‌ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్), ఆరు నెలల సర్టిఫికెట్ అన్నీ అక్కడ ఒకే మాట కింద సర్దుకుంటాయి. పిల్లను చేర్పించే తల్లిదండ్రులు అడిగేవి ఎక్కువగా రెండే ప్రశ్నలు: ఎన్నేళ్లు, ఫీజు ఎంత. భవిష్యత్తును తేల్చే ప్రశ్నలు వేరే రెండున్నాయి. కోర్సు పూర్తయ్యాక పేరు ఏ రిజిస్టరులోకి ఎక్కుతుంది? ఆ చదువు ఎన్ని పడకల దగ్గర, ఎంతమంది రోగుల మధ్య జరుగుతుంది? కోర్సుల మధ్య తేడాలన్నీ చివరికి ఈ రెండు ప్రశ్నల దగ్గరికే వస్తాయి.

చట్టం దృష్టిలో నర్సు ఎవరు

ఆస్పత్రిలో యూనిఫాం వేసుకున్న అందరినీ మనం ‘సిస్టర్’ అనే పిలుస్తాం. చట్టం అలా చూడదు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో పేరున్నవారే నర్సులు. జీఎన్‌ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివినవారు ‘రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ (కాన్పులు చేసే నర్సు)’గా నమోదవుతారు. కౌన్సిల్ కాగితాల మీద కనిపించే ఆర్‌ఎన్, ఆర్‌ఎం అక్షరాలు అవే. డిప్లొమా చదివినా, డిగ్రీ చదివినా నమోదు ఇదే హోదాలో. ఏఎన్‌ఎం చదివినవారి నమోదు వేరు. వారి పేరు ఏఎన్‌ఎంగానే ఎక్కుతుంది, స్టాఫ్ నర్సు ఉద్యోగానికి ఆ నమోదు చాలదు.

ఇక ఆరు నెలల కోర్సులు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్, బెడ్‌సైడ్ అసిస్టెంట్ లాంటి పేర్లతో ఉండే ఈ శిక్షణ రోగికి ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, తినిపించడం, వీల్‌చెయిర్‌లో పరీక్షలకు తీసుకెళ్లడం నేర్పుతుంది. ఆస్పత్రికి ఈ పని చాలా అవసరం, దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. కానీ దీంతో కౌన్సిల్‌లో నమోదు ఉండదు. ‘ఆరు నెలల్లో నర్సు’ అని రాసిన బోర్డు మోసపుచ్చేది ఇక్కడే. ఎన్నేళ్ల అనుభవం సంపాదించినా ఆ సర్టిఫికెట్ నర్సు రిజిస్టరు గడప దాటించదు, మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే.

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో తికమక ఉంది. ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీ పర్పస్ హెల్త్ వర్కర్) ఫిమేల్ అనే కోర్సు ఉంది. దానితోపాటు ఆస్పత్రిలో ఏడాది క్లినికల్ శిక్షణ పూర్తిచేసినవారిని ఎంపీహెచ్‌ఏ (మల్టీ పర్పస్ హెల్త్ అసిస్టెంట్) ఫిమేల్ పోస్టులకు, అంటే మనం వాడుకలో ఏఎన్‌ఎం అనే ఉద్యోగాలకు, అర్హులుగా తీసుకున్న నోటిఫికేషన్లు ఉన్నాయి. ఆ దారి అంతవరకే వెళ్తుంది. స్టాఫ్ నర్సు కావాలంటే జీఎన్‌ఎం గానీ బీఎస్సీ గానీ చదవాలి.

మూడు కోర్సులు, మూడు గడపలు

ఏఎన్‌ఎం రెండేళ్లు. ఏడాదిన్నర చదువు, ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. అమ్మాయిలకే ప్రవేశం. పని ఎక్కువగా సబ్‌సెంటర్ (ఆరోగ్య ఉపకేంద్రం) పరిధిలోని ఊళ్లలో ఉంటుంది: గర్భిణుల నమోదు, టీకాలు, కాన్పు తర్వాత ఇంటికెళ్లి చూడటం, రక్తహీనత పరీక్షలు. ఇంటర్‌లో సైన్సు లేకపోయినా చేరవచ్చు.

జీఎన్‌ఎం మూడేళ్లు, ఇంటర్న్‌షిప్ అందులోనే ఉంటుంది. ఒకప్పుడు మూడున్నరేళ్లుండేది. పాత నర్సులు ఆ లెక్కే చెబుతుంటారు కాబట్టి గందరగోళపడక్కర్లేదు. ఇంటర్‌లో నలభై శాతం మార్కులు, ఇంగ్లిష్‌లో పాస్ ఉండాలి. బైపీసీకి ప్రాధాన్యం ఉన్నా మిగతా గ్రూపులవారూ అర్హులే. ఏఎన్‌ఎంగా నమోదైనవారు కూడా చేరవచ్చు.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. చివరి సెమిస్టరు పూర్తిగా ఇంటర్న్‌షిప్: 22 వారాలు, వారానికి 48 గంటలు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ తప్పనిసరి, పైగా ప్రవేశ పరీక్ష ఉంటుంది. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ డిగ్రీ ఇస్తాయి. కన్వీనర్ కోటా కౌన్సెలింగ్ కూడా వాటి చేతుల్లోనే ఉంటుంది.

మూడింటికీ ప్రవేశ సంవత్సరం డిసెంబరు 31 నాటికి పదిహేడేళ్లు నిండాలి. జీఎన్‌ఎం, బీఎస్సీ అబ్బాయిలకూ తెరిచే ఉన్నాయి. అయితే ఫలానా కాలేజీ మహిళలకు మాత్రమే కావచ్చు కాబట్టి, ఈ విషయం ఏటా ఆ నోటిఫికేషన్‌లోని సీట్ల పట్టికలోనే తేలుతుంది.

యాభై ఆరు శాతం వచ్చినా అర్హత లేకపోవడం ఎలా

బీఎస్సీకి 45 శాతం కావాలని అందరూ అంటారు. ఆ శాతం మొత్తం మార్కుల మీద కాదు, సైన్సు సబ్జెక్టుల మీద. కౌన్సెలింగ్ రోజున కన్నీళ్లు పెట్టించేది ఎక్కువగా ఈ తేడాయే.

ఇటీవలి వరకూ ఉన్న వెయ్యి మార్కుల లెక్కనే తీసుకుందాం. బైపీసీలో భాషలకు 400, ప్రాక్టికల్స్ కలిపి సైన్సు సబ్జెక్టులకు 600. ఒక అమ్మాయికి భాషల్లో 310, సైన్సుల్లో 250 వచ్చాయనుకోండి. మొత్తం 560, అంటే 56 శాతం. మెమో చూసినవాళ్లు సీటు ఖాయమంటారు. కానీ సైన్సు శాతం 250ని 600తో భాగిస్తే వచ్చేది 41.7 మాత్రమే. 45 శాతానికి 270 మార్కులు కావాలి. జనరల్ కేటగిరీలో ఆమెకు అర్హత లేదు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 40 శాతం చాలు, అంటే 240. అవే మార్కులతో ఆ కేటగిరీల అమ్మాయి అర్హురాలవుతుంది. జీఎన్‌ఎంకు మాత్రం ఇదే మెమోతో ఇద్దరూ ఏ ఇబ్బందీ లేకుండా అర్హులు.

డిప్లొమానా, డిగ్రీనా: రెండు వైపుల మాట

జీఎన్‌ఎం వైపు మాట్లాడేవారి వాదనలో బలముంది. ఏడాది ముందే నమోదు, ఏడాది ముందే జీతం. సైన్సు లేనివాళ్లకూ, సైన్సులో మార్కులు తగ్గినవాళ్లకూ స్టాఫ్ నర్సు అయ్యే దారి. వార్డు పని నేర్పడంలో డిప్లొమా చదువు గట్టిదనే మాట చాలామంది సీనియర్ నర్సుల నోట వినిపిస్తుంది. పైకెళ్లే మెట్టు కూడా ఉంది. జీఎన్‌ఎం నమోదు తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివితే డిగ్రీ వస్తుంది. ఇంటర్‌లో సీఈసీ చదివిన అమ్మాయికి నేరుగా బీఎస్సీ నర్సింగ్ తలుపు మూసుకుపోయి ఉంటుంది కదా, ఈ దారిలో ఆమె కూడా మూడూ రెండూ ఐదేళ్లలో నర్సింగ్ పట్టభద్రురాలవుతుంది. ఈ సంగతి తెలియక చాలామంది ఇంటర్‌లో గ్రూపు తప్పు తీసుకున్నామని నర్సింగ్ ఆశే వదిలేసుకుంటారు.

బీఎస్సీ వైపు వాదన ఉద్యోగాల దగ్గర తేలుతుంది. ఎయిమ్స్ సంస్థల్లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు జరిగే నార్సెట్ పరీక్షనే తీసుకుందాం. బీఎస్సీ చదివినవారు నమోదు కాగానే రాయవచ్చు. జీఎన్‌ఎం చదివినవారికి కనీసం యాభై పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. అంటే డిగ్రీ దారిలో నాలుగేళ్లు, డిప్లొమా దారిలో ఐదు. మొదట్లో మిగిలిన ఏడాది ఇక్కడ పోతుంది, ఇంకో ఏడాది అదనంగా కూడా. అయితే ఆ రెండేళ్లూ జీతం వస్తుంది కాబట్టి దాన్ని పూర్తి నష్టమని లెక్కించలేం. అసలు దెబ్బ వేరే చోట తగులుతుంది. ముప్పై పడకల నర్సింగ్ హోంలో రెండేళ్లు చేసిన అనుభవం ఈ లెక్కలోకి రాదు. మొదటి ఉద్యోగం ఇంటికి దగ్గరగా ఉందని చేరినవారు ఈ సంగతి దరఖాస్తు నింపేటప్పుడు తెలుసుకుంటారు. ఎయిమ్స్ పోస్టుల్లో ఎనభై శాతం మహిళలకే కావడం అబ్బాయిలు ముందే తెలుసుకోవాల్సిన మరో విషయం.

బోధన వైపు, ఎమ్మెస్సీ వైపు వెళ్లాలన్నా డిగ్రీ కావాల్సిందే. ‘జీఎన్‌ఎం ఎత్తేస్తారట’ అన్న మాట ఏళ్ల తరబడి తిరుగుతోంది. అలాంటి ప్రతిపాదన వచ్చిన మాట నిజమే, కోర్సు నడుస్తున్న మాటా నిజమే. ఇప్పటికే చదివి నమోదైనవారి పేరు రిజిస్టరులోంచి ఎక్కడికీ పోదు.

డబ్బు, మార్కులు అనుకూలించి, కన్వీనర్ కోటాలో సీటు దొరికే పరిస్థితి ఉంటే బీఎస్సీకే మొగ్గు ఎక్కువ. కానీ రోగులు లేని ఆస్పత్రికి అనుబంధంగా నడిచే బీఎస్సీ కన్నా, కిక్కిరిసిన జిల్లా ఆస్పత్రిలో చేసే జీఎన్‌ఎం మంచి నర్సును తయారుచేస్తుంది. ఎందుకో చూద్దాం.

పడకల లెక్క

నర్సింగ్ కాలేజీకి సొంత ఆస్పత్రి, అంటే పేరెంట్ హాస్పిటల్, కనీసం వంద పడకలతో ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. క్లినికల్ పోస్టింగులో, అంటే ఆస్పత్రి వార్డుల్లో జరిగే శిక్షణలో, ఒక విద్యార్థికి ముగ్గురు రోగులు, పడకల్లో కనీసం 75 శాతం నిండి ఉండటం, అనుబంధ ఆస్పత్రులు పదిహేను నుంచి ముప్పై కిలోమీటర్ల లోపు ఉండటం కూడా ఆ నిబంధనల్లోవే.

దీన్ని ఒక కాలేజీకి అన్వయిద్దాం. ఒక ఉదయం అరవై మంది విద్యార్థులు వార్డులకు వెళ్లారు. ఒక్కొక్కరికి ముగ్గురు చొప్పున 180 మంది రోగులు కావాలి. 75 శాతం నిండే ఆస్పత్రిలో 180 మంది ఉండాలంటే 240 పడకలు ఉండాలి. వంద పడకల సొంత ఆస్పత్రిలో, 75 శాతం నిండి 75 మందే ఉంటే, ఆ అరవై మందిలో పాతిక మందికే సరిపడా రోగులు. మిగతా ముప్పై అయిదు మందికి అనుబంధ ఆస్పత్రి నిజంగా ఉండాలి. కాగితం మీద ఒప్పందం మాత్రమే ఉంటే ఒకే మంచం చుట్టూ ఆరుగురు నిలబడతారు. ఒకరు బీపీ చూస్తారు, అయిదుగురు రికార్డు రాసుకుంటారు. ఆ రాసుకున్న అయిదుగురికీ చదువు పూర్తయ్యేదాకా కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే చిన్న గొట్టం) పెట్టడం చేతికి రాదు.

కాలేజీని చూడటానికి వెళ్లినప్పుడు ఈ తేడా కంటికి తెలుస్తుంది. భవనం రంగు, కంప్యూటర్ ల్యాబు దీని గురించి ఏమీ చెప్పవు. ఉదయం పది గంటలకు ఆ ఆస్పత్రి జనరల్ వార్డులో ఎన్ని మంచాల మీద మనుషులున్నారు, లేబర్ రూమ్ రిజిస్టరులో నెలకు ఎన్ని కాన్పులున్నాయి, మూడో ఏడాది పిల్లలు ఏ ఊరి ఆస్పత్రికి ఏ బస్సులో వెళ్తున్నారు అనేవి చెబుతాయి. ప్రసూతి, పిల్లల వార్డు, ఆపరేషన్ థియేటర్, ఐసీయూ, మానసిక వైద్యం, గ్రామీణ ఆరోగ్య కేంద్రం అన్నీ తిరగాలి. మానసిక వైద్యం పోస్టింగ్ చాలా కాలేజీల్లో దూరపు ఆస్పత్రిలో ఉంటుంది. అక్కడి హాస్టల్, ప్రయాణం ఖర్చులు ఫీజు కాగితంలో సాధారణంగా కనిపించవు.

పరీక్ష రాయాలంటే థియరీలో, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు ఉండాలి. పట్టా చేతికి రావాలంటే ప్రాక్టికల్స్ హాజరు నూటికి నూరు కావాలి. జ్వరంతో పోగొట్టుకున్న వారం రోజుల డ్యూటీని తర్వాత పూడ్చుకోవాల్సిందే. ‘రాకపోయినా ఫర్వాలేదు, హాజరు మేం చూసుకుంటాం’ అనే కాలేజీలు ఉన్నాయి. రాని రోజుల్లో నేర్చుకోని పనిని మాత్రం తర్వాత ఎవరూ చూసుకోలేరు. పైగా అమెరికా లాంటి దేశాల బోర్డులు ఏ సబ్జెక్టులో ఎన్ని గంటల థియరీ, ఎన్ని గంటల క్లినికల్ అని ట్రాన్‌స్క్రిప్టు అడిగి చూస్తాయి.

అనుమతుల్లో మూడు ముద్రలు

ఒక కాలేజీకి రాష్ట్ర ప్రభుత్వ అనుమతి, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు (బీఎస్సీకైతే విశ్వవిద్యాలయ అనుబంధం కూడా), ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ‘సూటబిలిటీ’ (కోర్సు నడపడానికి కాలేజీ తగినదనే ఆమోదం) వేర్వేరు సంగతులు. చివరిదాన్ని కౌన్సిల్ ఏ విద్యాసంవత్సరానికి ఆ సంవత్సరం, కోర్సువారీగా, సీట్ల సంఖ్యతో తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఒకే కాలేజీకి జీఎన్‌ఎంకు ఉండి బీఎస్సీకి లేకపోవచ్చు. పోయిన ఏడాది నలభై సీట్లకు ఉంటే, ఈ ఏడాది అరవై మందిని చేర్చుకుంటే, ఆ ఇరవై మంది పరిస్థితేమిటన్నది పెద్ద ప్రశ్న.

ఈ సూటబిలిటీకి ఎంత బలముందన్న దానిపై కర్ణాటకలో కోర్టు వ్యాజ్యాలు నడిచాయి. రాష్ట్ర కౌన్సిల్, విశ్వవిద్యాలయం గుర్తింపు చాలని కాలేజీలు వాదించాయి. సొంత రాష్ట్రంలో నమోదుకు ఆ వాదన ఉపయోగపడవచ్చు. చదివింది ఒక రాష్ట్రం, ఉద్యోగం ఇంకో రాష్ట్రం అయినప్పుడు మాత్రం ఇబ్బంది విద్యార్థి నెత్తిన పడుతుంది. బెంగళూరు వెళ్లి చదివే మన పిల్లలు చాలామంది తిరిగొచ్చి ఇక్కడి కౌన్సిల్‌లో నమోదు కోరతారు. అక్కడి కౌన్సిల్ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ పరిశీలన, ఆ తర్వాత నమోదు. కాలేజీ పేరు ఆ ఏడాది జాబితాలో లేకపోతే చిక్కు వచ్చేది ఇక్కడే.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 1947 నాటి చట్టంతో ఏర్పడింది. దాని స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ తెచ్చేందుకు పార్లమెంటు 2023లో చట్టం చేసింది. పేర్లు, కాగితాలు మారవచ్చు. దేశవ్యాప్త రిజిస్టరు ఆలోచన మాత్రం ముందే మొదలైంది, నమోదైన నర్సుకు ఎన్‌యూఐడీ అనే జాతీయ సంఖ్య ఇప్పటికే ఇస్తున్నారు.

జీతం: నియమం ఒకటి, చేతికొచ్చేది ఒకటి

కేంద్ర సంస్థల్లో నర్సింగ్ ఆఫీసర్ ఏడో వేతన సంఘం ప్రకారం ఏడో లెవెల్‌లో చేరతారు, మూల వేతనం 44,900 రూపాయలతో మొదలవుతుంది. ప్రైవేటులో కథ వేరు. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ పడకల సంఖ్యను బట్టి సిఫార్సు చేసింది. రెండు వందల పడకలు దాటిన ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. వంద దాటితే ప్రభుత్వ జీతం కన్నా పది శాతానికి మించి తగ్గకూడదు. యాభై నుంచి వంద వరకు ఉంటే తగ్గింపు పాతిక శాతం మించకూడదు. యాభై లోపు పడకలున్న చోటైనా నెలకు 20,000కు తగ్గకూడదు.

ఇవి సిఫార్సులు. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది కాబట్టి ఆస్పత్రి మెడకు అవి నేరుగా చుట్టుకోవు. కొత్తగా చేరిన నర్సులు ఇంతకన్నా చాలా తక్కువకు పనిచేస్తున్న చోట్లున్నాయి. మనసు కష్టపడే వాస్తవమిది. లక్షల్లో మేనేజ్‌మెంట్ ఫీజు కట్టే ముందు ఈ లెక్క వేయకపోతే అప్పు తీరడానికే చదివిన దానికన్నా ఎక్కువ ఏళ్లు పడుతుంది.

వార్డులోకి అడుగుపెట్టే ముందు చేతికి రావాల్సిన లెక్క

కొత్త నర్సు తడబడేది పెద్ద విషయాల దగ్గర కాదు, భాగహారం దగ్గర. 500 మి.లీ. సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలని డాక్టరు రాశారు. సెలైన్ ఎక్కించే గొట్టం సెట్ మీద మి.లీ.కి 20 చుక్కలని ఉంది. 500ను 20తో గుణిస్తే 10,000 చుక్కలు, నాలుగు గంటలంటే 240 నిమిషాలు. నిమిషానికి సుమారు 42 చుక్కలు. అదే వార్డులో పిల్లలకు వాడే మైక్రో సెట్‌లో మి.లీ.కి 60 చుక్కలు. సెట్ మారిన సంగతి గమనించకుండా 42 దగ్గరే ఉంచితే నాలుగు గంటల ద్రవం ఎక్కడానికి పన్నెండు గంటలు పడుతుంది.

ఇంకా ప్రమాదకరమైనది ఇన్సులిన్. మన దేశంలో వయల్స్ (మందు సీసాలు) మి.లీ.కి 40 యూనిట్లవీ (యు-40) ఉన్నాయి, 100 యూనిట్లవీ (యు-100) ఉన్నాయి. సిరంజిలు కూడా రెండు రకాలు: యు-40కి ఎర్ర మూత, యు-100కి నారింజ మూత. యు-40 సిరంజిలో 20 గీత అంటే అర మి.లీ. దానిలోకి యు-100 ఇన్సులిన్ తీస్తే ఆ అర మి.లీ.లో 50 యూనిట్లుంటాయి. రాసింది 20, వెళ్లింది 50. చక్కెర పడిపోయి రోగి స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. తారుమారై యు-100 సిరంజిలోకి యు-40 ఇన్సులిన్ తీస్తే 20 గీత దగ్గర వచ్చేది 0.2 మి.లీ., అంటే 8 యూనిట్లే. ఎర్ర మూత, నారింజ మూత పక్కపక్కన పెట్టి ఈ గుణకారం ఒకసారి వేసినవారు జీవితంలో మరచిపోరు. రోగులున్న ఆస్పత్రిలో చదవడం ఎందుకంత ముఖ్యమో ఈ రెండు మూతలు చెబుతాయి.

చదువు మొదలయ్యేటప్పుడే చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, హెపటైటిస్ బి టీకా. మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మొదటి ఏడాదిలోనే వార్డులకు వెళ్తారు కాబట్టి, చేరిన తర్వాత మొదలుపెడితే మూడో డోసు పడేసరికే ఎన్నో సూదులు ముట్టుకుని ఉంటారు. అందుకే సీటు ఖాయమైన రోజే మొదటి డోసు వేయించుకున్నవారు ముందుంటారు. వాడిన సూది గుచ్చుకోవడం ఎక్కువగా దాని మూత తిరిగి పెట్టబోయినప్పుడే జరుగుతుంది. సూది నేరుగా తెల్లటి గట్టి డబ్బాలోకి, సిరంజి ఎర్ర సంచిలోకి వెళ్లాలనే నియమం అందుకే పుట్టింది. గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి, దాచిపెట్టకుండా వార్డు ఇన్‌ఛార్జికి వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటాక ఇవ్వరు. తిడతారన్న భయంతో తెల్లారేదాకా ఆగిన విద్యార్థిని పోగొట్టుకునేది ఆ మొదటి గంటలనే.